వెనుక సీటులో వేసవి: పాత పికప్పునకు రెండవ ఏ.సి.

ఒక జూలై నెలలో మా పాత పికప్పులో దమ్మాము నుండి రియాదుకు బయలుదేరినాము. దూరము సుమారు 400 కిలోమీటర్లు. ముందు సీట్లలో నేను, మా పెద్దవాడు. వెనుక సీటులో నా భార్య, ఆరేళ్ళ మా అమ్మాయి, వారి మధ్య పులిహోర డబ్బా, నీళ్ళ సీసాలు. రెండు గంటలు గడిచినవో లేదో మావాడు, "నాన్నా, చలిగా ఉంది, ఫ్యాను తగ్గించు" అన్నాడు. తగ్గించినాను. మరి కొంతసేపటికి వెనుక నుండి, "ఏమండీ, బండి ఆపండి. దీని ఒళ్ళు కాలిపోతూ ఉంది" అని కేక వినిపించినది.

పెట్రోలు బంకు నీడలో ఆపి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, కొద్దికొద్దిగా నీళ్ళు త్రాగించినాము. అరగంటకు పిల్ల తేరుకొన్నది. మేము అదృష్టవంతులము. మరుసటి శుక్రవారము రెండు థర్మామీటర్లు తీసుకొని, ఒకటి ముందు సీటు వద్ద, ఒకటి వెనుక సీటులో పిల్ల మెడ ఎత్తున కట్టి, మధ్యాహ్నము ఊరి చుట్టూ నడిపి చూచినాను. ముందు 22 డిగ్రీలు, వెనుక 35 డిగ్రీలు. ఒకే గది, ఒకే యంత్రము, 13 డిగ్రీల తేడా. నేను చలికి ఫ్యాను తగ్గించిన క్షణమున వెనుక కూర్చున్నవారికి అందుతున్న ఆ కాస్త గాలిని కూడ ఆపివేసినానని అప్పుడు తెలిసినది. ఆ 13 డిగ్రీల తేడా ఎట్లు వచ్చినది, దానిని ఎట్లు తగ్గించవచ్చును అన్నదే ఈ వ్యాస విషయము.

చల్లదనము తయారు కాదు

ఏ.సి. చల్లదనమును తయారు చేస్తుందని మనము వాడుకగా అంటాము. భౌతిక శాస్త్రములో చల్లదనమనే పదార్థము లేదు, ఉన్నది ఉష్ణము మాత్రమే. ఏ.సి. చేసే పని లోపలి ఉష్ణమును మోసుకొనిపోయి బయట పారవేయుట. ఈ విద్య మన ఇండ్లకు క్రొత్త కాదు. మట్టికుండ గోడల నుండి ఊరిన నీరు ఆవిరి అవుతూ, అందుకు కావలసిన ఉష్ణమును కుండలోని నీటి నుండి తీసుకొంటుంది. కిటికీలకు వ్రేలాడగట్టి నీళ్ళు చల్లిన వట్టివేళ్ళ తడికలు చేసే పనియు అదే. ద్రవము ఆవిరి కావలెనంటే ఉష్ణమును మ్రింగవలెను. ఆవిరి తిరిగి ద్రవము కావలెనంటే మ్రింగిన ఉష్ణమును క్రక్కవలెను. దీనినే గుప్తోష్ణము అంటారు.

కుండలోని నీరు ఒకసారి ఆవిరి అయితే గాలిలో కలిసిపోతుంది. ఏ.సి.లోని ద్రవము పోదు. ఒకే పరిమాణము మరల మరల తిరుగుతుంది. నేటికీ రోడ్ల మీద తిరుగుతున్న పాత బండ్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ అను వాయువునే తీసుకొందాము. సాధారణ వాతావరణ పీడనము వద్ద ఇది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. డ్యాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిల్‌లో, దాదాపు 3 వాతావరణముల పీడనము వద్ద, సున్నా డిగ్రీల దరిదాపున ఆవిరి అవుతూ గాలి నుండి ఉష్ణమును తీసుకొంటుంది. ఒక కిలోగ్రాము ఆవిరి కావటానికి సుమారు 200 కిలోజౌళ్ళు పడుతుంది. ఆ ఆవిరిని ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ పీల్చి బలముగా నొక్కుతుంది. పీడనము 17 వాతావరణములకు పెరిగితే ఆ ఆవిరి 60 డిగ్రీల వేడిలోనే ద్రవముగా మారగలదు. రేడియేటరు ముందున్న కండెన్సర్‌లో జరిగేది ఇదే. బయట గాలి 45 డిగ్రీలు ఉన్నప్పటికీ 60 డిగ్రీల కండెన్సర్ దానికి ఉష్ణమును ఇవ్వగలదు. అక్కడ ద్రవమైనది డ్రయ్యరు గుండా వచ్చి, ఎక్స్‌పాన్షన్ వాల్వు అను సన్నని ద్వారములో దూరి, పీడనము కోల్పోయి, మరల చల్లని కాయిల్‌ను చేరుతుంది.

ఇందులో మరువరాని సంగతి ఒకటి కలదు. కాయిల్ లోపల తీసుకొన్న ఉష్ణము, దానికి తోడు కంప్రెసర్ చేసిన పని, రెండును కలిపి కండెన్సర్ బయట పారవేయవలెను. కనుక ఏ.సి. సామర్థ్యమునకు తుదిమాట చెప్పేది చల్లని కాయిల్ కాదు, వేడి కండెన్సర్.

వెనుక సీటు ఎందుకు వెనుకబడినది

సౌదీలో ఈ చిన్న ట్రక్కులను వనైత్ అనియు, రెండు వరుసల సీట్లున్న దానిని గమారతైన్ అనియు పిలువగా వింటాము. జి.ఎం.సి. సబర్బన్ వంటి పెద్ద కుటుంబ వాహనములలో వెనుకవారికి వేరే కాయిల్, వేరే ఫ్యాను ఉండటము సాధారణము. పాత పికప్పు మొదట సరకుల కొరకు పుట్టినది, మనుష్యుల కొరకు కాదు. రెండవ వరుస సీట్లు తరువాత చేరినవి. వాటికి తగిన గాలి మార్గము చాల బండ్లలో చేరలేదు.

చల్లని గాలి డ్యాష్‌బోర్డు రంధ్రముల నుండి వచ్చి, ముందువారి ఛాతీకి, సీట్ల వీపులకు తగిలి, క్రిందికి దిగి, వారి కాళ్ళ వద్దనున్న ద్వారము గుండా తిరిగి ఫ్యాను లోనికే పోతుంది. వెనుక సీటు ఈ ప్రదక్షిణములో లేదు. పైగా ఉష్ణము వచ్చే దారులు వెనుకనే ఎక్కువ. ఇరుప్రక్కల అద్దములు, వీపు వెనుక మరొక అద్దము, దాని ఆవల ఎండలో కాలే ఇనుప తొట్టి, తలకు జానెడు ఎత్తున పైకప్పు. నిట్టయెండలో ముదురు రంగు పైకప్పు రేకు 70 డిగ్రీలు దాటవచ్చును.

ఉజ్జాయింపుగా ఒక లెక్క వేద్దాము. మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. వెనుక అద్దముల గుండా 400 వాట్లు, పైకప్పు, తలుపుల గుండా 300 వాట్లు, కదలక కూర్చున్న మనిషికి సుమారు 100 వాట్ల చొప్పున ముగ్గురికి 300 వాట్లు, సందుల గుండా చొరబడే బయటి గాలితో 400 వాట్లు అనుకొంటే మొత్తము 1400 వాట్లు. అంటే ఇస్త్రీపెట్టె నొకదానిని వెనుక సీటులో ఆపకుండ వేసి ఉంచినట్లే.

రియాదు ఎండ, ధహ్రాను ఉక్క

సౌదీలో ఎండ అంతయు ఒకటి కాదు. రియాదుది పొడి ఎండ, దమ్మాము, జుబైల్, జిద్దాలవి సముద్రపు ఉక్క. మన రెంటచింతల ఎండకు, విశాఖ ఉక్కకు తేడా తెలిసినవారికి ఇది సులభముగా బోధపడుతుంది.

గాలిని చల్లార్చుతూ పోతే ఏ ఉష్ణోగ్రత వద్ద అందులోని ఆవిరి మంచు బిందువులుగా మారటము మొదలగునో దానిని తుషార స్థానము అంటారు. 2003వ సంవత్సరము జూలై 8న ధహ్రానులో గాలి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు ఉండగా తుషార స్థానము 35 డిగ్రీలుగా నమోదైనది. ప్రపంచములో ఇంతవరకు కొలిచిన తుషార స్థానములలో ఇదే అత్యధికమని చెప్పుకొంటారు. మన చర్మపు ఉష్ణోగ్రతయు దాదాపు 35 డిగ్రీలే. అట్టి గాలిలో చెమట కారుతుందే గాని ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు.

ఆనాటి ధహ్రాను గాలిలో కిలోకు సుమారు 36 గ్రాముల నీటి ఆవిరి ఉన్నట్లు లెక్క తేలుతుంది. బండిలో హాయిగా ఉండవలెనంటే ఇది 10 గ్రాములకు తగ్గవలెను. మిగిలిన 26 గ్రాములను కాయిల్ మీద నీరుగా మార్చటానికి సుమారు 65 కిలోజౌళ్ళ ఉష్ణము తీసివేయవలెను. అదే గాలిని 42 నుండి 25 డిగ్రీలకు చల్లార్చటానికి పట్టేది 17 కిలోజౌళ్ళు మాత్రమే. అనగా ఉక్కను తీయుట, వేడిని తీయుట కంటే దాదాపు నాలుగు రెట్ల పని. రియాదులో 45 డిగ్రీల ఎండలో ఆర్ద్రత నూటికి పది పాళ్ళు ఉన్న నాడు ఈ మొదటి పని దాదాపు ఉండదు. రియాదులో బాగుగా పనిచేసిన ఏ.సి. జుబైల్ వచ్చేసరికి చతికిలబడినదని కొందరు అనటానికి కారణము ఇదే. యంత్రము చెడలేదు, పని పెరిగినది.

పిల్లలకొక చిన్న ప్రయోగము. రెండు థర్మామీటర్లు తీసుకొని ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, రెండింటికీ నీడలో విసనకర్రతో విసరండి. పైన చెప్పిన రియాదు గాలిలో తడిగుడ్డ థర్మామీటరు దాదాపు 22 డిగ్రీలకు దిగుతుంది. ఆనాటి ధహ్రాను గాలిలోనైతే 36 వద్దనే ఆగిపోయేది. ఎడారి కూలరు రియాదులో ఎందుకు పనిచేయునో, సముద్రతీరములో ఎందుకు చేయదో ఈ రెండు అంకెలు చెప్పగలవు. ఈ తడి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే ఆరోగ్యవంతుడైనను నీడలో కూర్చొని కూడ ఎక్కువ గంటలు తాళలేడని శాస్త్రజ్ఞుల అంచనా.

ముందు ఖర్చు తక్కువ పనులు

మోయవలసిన ఉష్ణమును ముందే తగ్గించటము, మోసే యంత్రమును పెంచటము కంటే చౌక. నేను మొదట పైకప్పు లైనింగు విప్పించి దాని వెనుక ఉష్ణమును అడ్డగించు నురుగు పలకలు అతికించినాను. వెనుక ప్రక్క అద్దములకు తీసివేయదగిన తెరలు పెట్టినాము. తలుపుల రబ్బరు అంచులు మార్పించినాను. ఉక్క చొరబడే దారి అదే కదా. తరువాత ముందు సీట్ల మధ్యగా ఒక గొట్టము వేసి, డ్యాష్‌బోర్డు గాలిలో కొంత భాగమును ఒక చిన్న ఫ్యానుతో వెనుకకు పంపించినాను. ఈ పనులలో గ్యాసును ముట్టవలసిన అవసరము లేదు. వీటితోనే 13 డిగ్రీల తేడా 7 డిగ్రీలకు తగ్గినది.

మీటను లోపలి గాలి తిరిగే స్థానములో ఉంచుట ఉక్కలో చాల మేలు. కాని నలుగురైదుగురు కూర్చున్న చిన్న గదిలో అదే గాలి ఎక్కువసేపు తిరిగితే కార్బన్ డయాక్సైడు పెరిగి మత్తు ఆవరిస్తుంది. దూర ప్రయాణములో అప్పుడప్పుడు రెండు నిమిషములు బయటి గాలిని రానీయవలెను.

రెండవ కాయిల్

మిగిలిన 7 డిగ్రీల కొరకు సనాయియాకు వెళ్ళినాను. మొదట చూచిన మెకానిక్, "వెనుక ఇంకొక కాయిల్, ఒక ఫ్యాను పెట్టేస్తాను, సాయంత్రానికి బండి తీసుకుపొండి" అన్నాడు. కండెన్సర్ సంగతి అడిగితే, "అదే చాలు" అన్నాడు. ఇక్కడే లెక్క అవసరము.

మెకానిక్కులు టన్నులలో మాట్లాడుతారు. 2000 పౌనుల మంచు 24 గంటలలో కరగటానికి కావలసిన ఉష్ణపు వేగమే ఒక టన్ను. అది సుమారు 3.5 కిలోవాట్లు. మన బండి ఏ.సి. 4 కిలోవాట్లు మోయగలదనుకొందాము. కంప్రెసర్ పని 2 కిలోవాట్లయితే కండెన్సర్ 6 కిలోవాట్లు పారవేయవలెను. వెనుక మరొక 1.4 కిలోవాట్ల కాయిల్ పెడితే కండెన్సర్ మీద పడే భారము దాదాపు 8 కిలోవాట్లు అవుతుంది. కండెన్సర్ పాతదే అయితే అంత ఉష్ణమును పంపటానికి అది మరింత వేడెక్కవలెను. వేడెక్కితే పీడనము పెరుగుతుంది, పీడనము పెరిగితే కంప్రెసర్ ఎక్కువ శ్రమపడి తక్కువ వాయువును త్రిప్పుతుంది. తుదకు ముందు చల్లదనమును రెండుగా పంచుకొనుటయే మిగులుతుంది. ఒక గిన్నెడు అన్నమును ఇద్దరికి వడ్డించినంత మాత్రమున అన్నము పెరుగదు గదా.

అయినను ఆ మెకానిక్ మాట పూర్తిగా అబద్ధము కాదు. రహదారి మీద 100 కిలోమీటర్ల వేగములో కంప్రెసర్ వేగముగా తిరుగుతుంది, కండెన్సర్‌కు ఎదురుగాలి పుష్కలము. అప్పుడు యంత్రములో మిగులు శక్తి ఉంటుంది, పాత కండెన్సర్‌తో కూడ రెండవ కాయిల్ బాగుగానే పనిచేయవచ్చును. సిగ్నలు వద్ద ఆగినప్పుడు ఇంజను నెమ్మదిస్తుంది, గాలి నిలిచిపోతుంది, అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది. పని అయిన వెంటనే హైవే మీద పరీక్షించి సంతోషపడరాదు. నిలిపిన బండిలో, ఇంజను నడుస్తూ ఉండగా, పది నిమిషములు కూర్చొని పరీక్షించవలెను.

రెండవ కాయిల్ అమరిక ఇట్లుంటుంది. డ్రయ్యరు దాటిన తరువాత ద్రవము వచ్చే సన్నని గొట్టమును చీల్చి ఒక కొమ్మను వెనుకకు తీసుకొనిపోతారు. అక్కడ దానికి వేరే ఎక్స్‌పాన్షన్ వాల్వు, కాయిల్, ఫ్యాను ఉంటాయి. ఆవిరి తిరిగి వచ్చే లావు గొట్టము కంప్రెసర్‌కు ముందు పాత గొట్టముతో కలుస్తుంది. చల్లని గాలి క్రిందికి దిగే స్వభావము కలది గనుక గాలి రంధ్రములు తల ఎత్తున ఉండుట మంచిది.

మెకానిక్‌ను అడుగవలసినవి

కండెన్సర్ పెద్దది వేస్తున్నారా, దానికి విద్యుత్ ఫ్యాను చేరుస్తున్నారా అన్నది మొదటి ప్రశ్న. రేడియేటరు కండెన్సర్ వెనుకనే ఉంటుంది కనుక ఇంజను కూడ వేడెక్కవచ్చును; రేడియేటరు శుభ్రముగా ఉన్నదో లేదో చూపించవలెను. గొట్టములు బండి క్రిందుగా పోతాయి గనుక సైలెన్సరుకు దూరముగా, రాళ్ళు తగులకుండ, ఆవిరి గొట్టమునకు ఉష్ణ నిరోధక తొడుగుతో బిగించవలెను. వెనుక ఫ్యానుకు వేరే ఫ్యూజు, రిలే ఉండవలెను. కాయిల్ మీద చేరిన నీరు బండి బయటకు పోవటానికి ఒక గొట్టము ఉండవలెను. లేకున్న తివాచీ తడిసి నాచువాసన వస్తుంది.

గొట్టములు పెరిగినవి కనుక కంప్రెసర్ నూనెను కూడ తగు పాళ్ళలో చేర్చవలెను. నూనె గ్యాసుతోనే ప్రయాణము చేస్తుంది. అది వెనుక గొట్టములలో నిలిచిపోతే కంప్రెసర్ ఎండి బిగుసుకొనిపోతుంది. గ్యాసు నింపే ముందు వాక్యూమ్ పంపుతో కనీసము అరగంట గాలి లాగవలెను. పీడనము బాగా తగ్గితే లోపలి తేమ గది వేడికే మరిగి బయటకు వస్తుంది. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వులో మంచుగడ్డయై దారి మూస్తుంది, కాలక్రమమున ఆమ్లమై లోహమును తింటుంది. గ్యాసును చేతి అంచనాతో కాక తూకము వేసి నింపవలెను.

గ్యాసు విషయమున జాగ్రత్త

కారులో ఏ.సి.ని కర్మాగారములోనే అమర్చి అమ్మినది అమెరికాలోని ప్యాకార్డ్ సంస్థ, 1940 మోడలుతో. ఆశ్చర్యమేమనగా దాని కాయిల్ వెనుక సీటు వెనుకనే ఉండేది. దానిని పూర్తిగా ఆపవలెనంటే బానెట్ ఎత్తి బెల్టు ఊడదీయవలసి వచ్చేది. ఆనాటి నుండి 1990ల వరకు కార్లలో రాజ్యమేలినది ఆర్-12 అను ఫ్రియాన్. అందులోని క్లోరిన్ ఓజోన్ పొరను తినగలదని 1974లో మొలీనా, రోలండ్‌లు చూపినారు. 1995లో క్రుట్జెన్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందినారు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము వలన సంపన్న దేశములలో 1996 నాటికి, వర్ధమాన దేశములలో 2010 నాటికి దాని ఉత్పత్తి నిలిచిపోయినది.

1990ల మొదటి భాగము నాటి బండి అయితే అది ఆర్-12 బండి కావచ్చును. దానిలో ఆర్-134ఏ ఊరక నింపరాదు. పాత ఖనిజ నూనె క్రొత్త గ్యాసుతో కలవదు. నూనె, రబ్బరు వలయములు, డ్రయ్యరు మార్చవలెను, గొట్టములును సరిచూడవలెను. ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు గాని, నూరేళ్ళ లెక్కలో అది భూమిని కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 1400 రెట్లు వేడెక్కించగలదు. అందుకే 2016 నాటి కిగాలీ సవరణలో దానిని కూడ క్రమముగా తగ్గించ నిశ్చయించినారు. పాత గ్యాసును గాలిలోనికి వదలక యంత్రముతో సేకరించే దుకాణమునే వెదుకవలెను. చౌకగా దొరికిన పేరు లేని గ్యాసును నింపనీయరాదు. వాటిలో కొన్ని వంటగ్యాసు జాతివి. వెనుక కాయిల్ కారితే అది పిల్లలు కూర్చున్న గదిలోనికే వస్తుంది.

తుదకు

రెండవ మెకానిక్ కండెన్సర్ మార్చి, విద్యుత్ ఫ్యాను చేర్చి, పని ముగించటానికి మూడు రోజులు తీసుకొన్నాడు. మరల థర్మామీటర్లు కట్టి చూచినాను. రహదారి మీద ముందు 23, వెనుక 25. సిగ్నలు వద్ద ఎక్కువసేపు ఆగితే రెండును నాలుగైదు డిగ్రీలు పెరుగుతాయి. పాత బండి నుండి అంతకు మించి ఆశించలేము. వెనుక థర్మామీటరును తీయలేదు. అది మా అమ్మాయి ఆధీనములో ఉన్నది. 28 దాటితే గట్టిగా చదివి చెప్పుట ఆమె ఉద్యోగము.

ఒక్క మాటతో ముగిస్తాను. పైన చెప్పిన యంత్రములన్నియు ఇంజను తిరిగినంత వరకే. ఇంజను ఆపిన మూసిన బండిలో మొదటి పది నిమిషములలోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగగలదు. పిల్లల శరీరము పెద్దల కంటే చాల త్వరగా వేడెక్కుతుంది. ఖుబ్బూస్ కొని ఇప్పుడే వస్తానని దిగేవారు వెనుక సీటులోని పిల్లను కూడ దింపి వెంట తీసుకొని వెళ్ళవలెను.